రెండు వందల పద్నాలుగో మైలు

ఆఫీసులో నన్ను వెనకాల కొర్రీలమ్మ అంటారు. అంటారని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. పౌరసత్వ కార్యాలయంలో, దరఖాస్తుల విభాగంలో ముప్ఫై ఒక్కేళ్ళుగా కూర్చున్నదాన్ని. రోజుకి నాలుగు కొర్రీలైనా పెట్టకపోతే నాకు పని చేసినట్టే ఉండదు. మా పెళ్ళి శుభలేఖ అచ్చుకి వెళ్ళేముందు కూడా నేను రెండు కొర్రీలు పెట్టానని మా ఆయన ఇంటికి వచ్చిన చుట్టానికల్లా చెబుతాడు. చెప్పుకోనీండి. ఆ రెండూ నిజంగా తప్పులే.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా తప్పు గురించి.

పాత దొరల చట్టంలో మనుషులు నాలుగు రకాలు. దొరలు మొదటి రకం. దొరలతో ఒప్పందాలున్న ఊళ్ళవాళ్ళు రెండో రకం. మిగతా స్థానికులు మూడో రకం. వాళ్ళని కాగితాల్లో ‘రక్షితులు’ అని రాసేవాళ్ళు, ఎవరి నుంచి రక్షణో మాత్రం రాసేవాళ్ళు కాదు. రైలు పట్టాలు వేయడానికి ఓడల్లో తెచ్చిన కూలీలు నాలుగో రకం. మా అమ్మ మూడో రకం. పురుటికి పుట్టింటికి వెళ్ళాలన్నా పాసు రాయించుకుని వెళ్ళాల్సి వచ్చిందట. దొరలు వెళ్ళిపోయిన తర్వాత కూడా అదే చట్టానికి అతుకులు వేసుకుంటూ ఇరవై ఏడేళ్ళు నడిపారు మనవాళ్ళు. చివరికి కొత్త చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి ఈ సరిహద్దు లోపల పుట్టిన ప్రతి మనిషీ పౌరుడే, ఇక రకాలు లేవు. ఆ రోజు ఆఫీసులో అందరం రేడియో చుట్టూ చేరి విన్నాం. నాకు ఏడుపొచ్చింది. కంట్లో నలుసు పడిందని దొంగమాటలేమీ చెప్పలేదు, అందరి ముందూ ఏడ్చాను.

చట్టం మంచిదే. అమలు చేసేది మాలాంటివాళ్ళం కదా, చిక్కంతా అక్కడొచ్చింది. ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఎక్కడ పుట్టారో రుజువు ఉండాలి. ఊళ్ళవాళ్ళకి ఊరి పుస్తకాలున్నాయి. లైను వాళ్ళకి ఊరే లేదు. లైను వాళ్ళంటే ఆ నాలుగో రకం కూలీల పిల్లలూ, మనవలూ. పట్టా ఎక్కడికి సాగితే గుడారాలు అక్కడికి సాగేవి. బిడ్డ పుడితే గ్యాంగు మేస్త్రి తన హాజరు పుస్తకంలోనే రాసేవాడు, ‘మగబిడ్డ, మైలు 98’ అని. ఊరి పేరు ఉండదు, మైలే ఉంటుంది. కాబట్టి ఏ మైలు సరిహద్దుకి ఇటు, ఏ మైలు అటు అని తేల్చే పట్టిక ఒకటి కావలసి వచ్చింది. రైల్వే దూరాల పుస్తకం తెప్పించుకుని, మూడు వారాలు తల వంచుకుని కూర్చుని, ఆ పట్టిక నేనే తయారు చేశాను. సరిహద్దు నూట డెబ్భయ్యో మైలు. పుట్టిన మైలు అంతకన్నా పెద్దదైతే విదేశీయుడు, గడువులోగా దేశం విడిచి వెళ్ళాలి. డైరెక్టరు గారు నన్ను మెచ్చుకుంటూ సర్క్యులర్ కూడా పంపారు. పట్టికకి అద్దం కట్టించి కౌంటరు పక్కన గోడకి తగిలించారు. నేనేమీ వద్దనలేదు.

గడువు ఇంకా ఇరవై రోజులుందనగా ఒకావిడ వచ్చి కౌంటరు మీద నోటీసు దబ్బున పెట్టింది. దర్జీ పని చేసే మనిషి. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది. వెనకాల ఆమె భర్త, పొడుగ్గా, కాస్త వంగి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పదవీ విరమణ చేసిన గ్యాంగు మేస్త్రి అని ఫైల్లో ఉంది.

“ఇది రాసింది నువ్వేనా?” అంది ఆవిడ.

“నువ్వూ గివ్వూ అనకమ్మా. సంగతేంటి?”

“మా ఆయన పరాయి దేశం మనిషట. నలభై రెండేళ్ళు కాపురం చేశాను. ఈయన గురక వింటే వీధి వీధంతా గుర్తుపడుతుంది. పరాయివాడని మీరు చెప్తేగాని నాకు తెలియలేదు!”

క్యూలో వెనకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

“పుస్తకంలో ఏముందో అదే రాశాం. ఈయన పుట్టింది 214వ మైలు. సరిహద్దు 170. ఇందులో నా సొంత కవిత్వం ఏమీ లేదు.”

“నన్నేమో ఉండమంటున్నారు, ఈయన్నేమో పొమ్మంటున్నారు. ఈ వయసులో మేం విడాకులు పుచ్చుకోవాలా? మా మరిది ఉన్నాడు, ఇంట్లో బుద్ధిమంతుడు అంటాం వాణ్ణి. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. నోటీసు అందగానే రెండు నెలల కిందటే మూట సర్దుకుని సరిహద్దు దాటేశాడు. ఎందుకురా అంటే, ‘ప్రభుత్వం రాసింది కదా వదినా’ అన్నాడు. ఈయనదీ అదే వరస. పొద్దున్నే అటక మీంచి ట్రంకుపెట్టె దించాడు. నేను వెళ్ళి దాని మీద కూర్చున్నాను, లేస్తే ఒట్టు.”

“ఊరుకోవే. ఆవిడేం చేస్తుంది, కాయితంలో ఎలా ఉంటే అలా” అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. అంటూనే గోడ మీద పట్టిక వైపు తిరిగాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. అంకెల వెంట వేలు జరుపుతూ పోయాడు.

“అద్దం మీద వేలుముద్రలు పడతాయి” అన్నాను.

“అమ్మా, ఈ నూట ఇరవై నాలుగు పక్కన ఇనుప వంతెన అని ఉంది.”

“ఉంటుంది. రైల్వే పుస్తకంలో అలాగే ఉంది మరి.”

“ఐదు కమానుల వంతెన. నేను పుట్టింది దాని పక్కనే. వంతెనకి రివెట్లు కొడుతున్న మోతలో తన అరుపులు ఎవరికీ వినపడలేదని మా అమ్మ చెప్పేది.”

“అయితే పుస్తకంలో 214 అని ఎందుకుంది?”

“అప్పుడది 214 ఏనమ్మా.”

అర్థం కాలేదు నాకు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. దొరలు మైళ్ళని ఓడరేవు నుంచి లెక్కపెట్టారు. వాళ్ళు వెళ్ళిపోయాక, రేవు నుంచి లెక్క బానిస లెక్క అని ఎవరో పెద్దలు ఉపన్యాసం ఇచ్చారట. కొత్త రాజధానిలో సున్నా పెట్టి, అక్కణ్ణించి మళ్ళీ లెక్కపెట్టించారు. రేవుకీ రాజధానికీ మధ్య తొంభై మైళ్ళు.

“మా పాత పుస్తకాల్లో ఏ అంకె ఉన్నా తొంభై తీసేయాలమ్మా. కొత్త రాళ్ళకి డబ్బుల్లేవన్నారు. పాత మైలురాయినే పెకలించి, వెనక్కి తిప్పి పాతి, ఇటువైపు కొత్త అంకె చెక్కాం. అరవై రాళ్ళు మా గ్యాంగే తిప్పింది. పాత అంకె వెనకాల ఇంకా ఉండాలి.”

వెంటనే ఒప్పుకున్నానని చెప్పుకుంటే ఎంత బావుండేది! ఒప్పుకోలేదు. “రేపు రండి, చూద్దాం” అని కసురుకుని పంపేశాను. వాళ్ళు అటు వెళ్ళగానే రికార్డు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పాత లెక్కలో సరిహద్దు రెండు వందల అరవై అవుతుంది. అంటే నూట డెబ్భైకీ రెండు వందల అరవైకీ మధ్య పుట్టినవాళ్ళంతా ఇక్కడివాళ్ళే. అలాంటి ఫైళ్ళు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. నూట నలభై మూడు. ప్రతి ఒక్కదాని మీదా నా సంతకం. ముప్ఫై తొమ్మిదింటి మీద ‘దేశం విడిచి వెళ్ళారు’ అని ఎర్రముద్ర. కుర్చీ ఎక్కడుందో తెలియనట్టు నేల మీదే చతికిలబడ్డాను.

ఆ సాయంత్రమే మేస్త్రికి కబురు పంపి, మర్నాడు సెలవు పెట్టి, ఆ రాయి చూడటానికి ఆయనతో పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. ఆయన భార్య కూడా గొడుగు పట్టుకుని బయలుదేరింది.

“ఈయన్ని మీతో ఒక్కణ్ణీ పంపితే అటునుంచి అటే సరిహద్దు దాటించేస్తారు. మిమ్మల్ని నమ్మేదేముంది?” అంది. నిజమే కదా.

చిన్న స్టేషన్లో దిగి రైలుకట్ట వెంట గంట నడిచాం. నూట ఇరవై నాలుగో రాయి ముందువైపు తెల్లసున్నంతో శుభ్రంగా ఉంది. వెనకవైపు ముళ్ళకంప. మేస్త్రి కర్రతో కంప పక్కకి నెట్టి, రాతికి పట్టిన మట్టిని రేకుముక్కతో గీకాడు. ముందు రెండు కనిపించింది, తర్వాత ఒకటి, తర్వాత నాలుగు. రాయి మీద తెల్లకాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. అంకెలు మూడూ కాగితం మీదకి వచ్చాయి. కాస్త దూరంలో వంతెన, ఐదు కమానులు, ఎవరికీ సంబంధం లేనట్టు నిలబడి ఉంది.

అక్కడే కంకర మీద కూర్చుండిపోయాను. ముప్ఫై ఒక్కేళ్ళు ఊళ్ళోవాళ్ళ కాగితాల్లో తప్పులు ఏరాను. నా పట్టిక దగ్గరికి వచ్చేసరికి, ఈ అంకె ఎక్కణ్ణించి లెక్కపెట్టారు అన్న ఒక్క ముక్క అడగడానికి నోరు రాలేదు నాకు.

మేస్త్రి నీళ్ళ సీసా అందించాడు. “ఎండ తగిలిందామ్మా?”

“ఎండ కాదు మేస్త్రీ, సిగ్గు.”

ఆయన భార్య గొడుగు నా నెత్తి మీదికి జరిపింది.

డైరెక్టరు గారు చెడ్డమనిషి కాదు, జాగ్రత్త గల మనిషి. పెన్సిలు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“మేస్త్రి ఫైలు దిద్దేయండి. అడిగింది ఆయనొక్కడే కదా” అన్నారు.

“మిగతా నూట నలభై రెండు మంది సంగతేంటండీ?”

“అడిగినప్పుడు చూద్దాం.”

“ఏమని అడుగుతారండీ? నోటీసులో మైలు అంకె కూడా వేయలేదు మనం. ‘సరిహద్దు ఆవల జననం’ అని ఒక్క ముక్క రాసి పంపాం. ఆ నమూనా కూడా నాదే. చదువుకున్నవాళ్ళకే దిక్కు తోచదు, వాళ్ళకెలా తెలుస్తుంది?”

ఆయన గొంతు తగ్గించారు. “పట్టిక తప్పంటే, ఎవరు చేశారని అడుగుతారు. మీకు ఇంకా ఎనిమిది నెలలే సర్వీసు. పెన్షను ముందు ఎందుకీ తలనొప్పి?”

“ఎవరు చేశారో రాసే తెచ్చాను” అని నోటు ఆయన ముందు పెట్టాను. పట్టిక తయారు చేసింది నేను, సరిచూసుకోనిది నేను, నోటీసుల మీద సంతకం నాది. ఆయన రెండుసార్లు చదివారు. “మొండిఘటం అని తెలుసుగానీ మరీ ఇంతనుకోలేదు” అని, పైఅధికారులకి పంపుతూ సంతకం చేశారు.

గడువుకి తొమ్మిది రోజులుందనగా ఉత్తర్వు వచ్చింది. నూట నలభై మూడు నోటీసులూ రద్దు. దేశంలోనే ఉన్నవాళ్ళకి ఇళ్ళకే పత్రాలు వెళ్తాయి. దాటిపోయినవాళ్ళు మాత్రం గడువు చివరి రోజు సాయంత్రం ఐదులోగా సరిహద్దు స్టేషనుకి వచ్చి స్వయంగా సంతకం చేయాలి. ఆ తర్వాత చట్టం వాళ్ళని విదేశీయులుగానే చూస్తుంది. అదే కవర్లో నా మీద విచారణ మెమో కూడా ఉంది. డైరెక్టరు గారు రెండూ కలిపి ఇస్తూ నా మొహం చూడలేకపోయారు. నాకేమీ అన్యాయం జరగలేదు లెండి, తప్పు చేశాను, మెమో వచ్చింది. రెండు వందల అరవై ఒకటో మైలు దగ్గర పుట్టి ఇక్కడే ముసలివాళ్ళయినవాళ్ళ మాటేమిటని మీరడిగితే దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది చట్టం చేసేవాళ్ళని అడగాలి. నేను అడుగుతూనే ఉన్నాను.

మేస్త్రి తన పత్రం తీసుకోవడానికి వచ్చాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మొహంలో వెలుగు లేదు.

“నా సంగతి తేలిపోయిందమ్మా. మా తమ్ముడికి ఎలా తెలుస్తుంది?”

“వెళ్ళినవాళ్ళ చిరునామా ఒక్కటి లేదు మా దగ్గర. పొమ్మన్నామే గానీ ఎక్కడికి పోతున్నారని అడగలేదు” అన్నాను.

“వాళ్ళు ఎక్కడికి పోతారమ్మా, పట్టా పక్కనే ఉంటారు. మాకు ఇంకోచోట బతకడం రాదు. గూడ్సు డ్రైవర్లకి చెప్దాం.”

చావు కబురైనా పెళ్ళి కబురైనా లైను వాళ్ళకి అలాగే చేరుతుందట. డ్రైవరు ప్రతి గ్యాంగు గుడిసె దగ్గరా బండి నెమ్మది చేసి కేకేసి చెబుతాడు. ఆ గ్యాంగు వాళ్ళు పక్క గ్యాంగుకి చెబుతారు. ముప్ఫై తొమ్మిది పేర్లు టైపు చేసి, సరిహద్దు దాటే ప్రతి గూడ్సు డ్రైవరుకీ ఒక కాపీ నా చేత్తో ఇచ్చాను. యార్డులో ఇంజన్ల మధ్య ఫైలు పట్టుకుని పరిగెత్తుతున్న నన్ను చూసి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లు నవ్వుకున్నారు. వారం క్రితమైతే వాళ్ళని కడిగేసేదాన్ని.

చివరి రోజు పొద్దున్నే సరిహద్దు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద బల్ల వేసుకుని కూర్చున్నాను. బల్లకి పది అడుగుల అవతల ప్లాట్‌ఫారానికి అడ్డంగా తెల్లగీత. గీతకి అటువైపు అవతలి దేశం జవాను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ, ఆయన భార్యా నా పక్కనే నిలబడ్డారు. తొమ్మిదింటి నుంచి జనం రావడం మొదలైంది. మూటలతో, పిల్లలతో, ఒకాయన అయితే కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కొందరు నన్ను తిట్టారు. పడ్డాను. మధ్యాహ్నానికి ముప్ఫై ఇద్దరు సంతకాలు చేశారు. ఒక పెద్దాయన అవతలి దేశంలోనే చనిపోయాడని కబురొచ్చింది. ఐదుగురి జాడ తెలియలేదు. వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ వరసగా నోటికి వచ్చు. ఇక మిగిలింది మేస్త్రి తమ్ముడు.

నాలుగున్నరకి వచ్చాడు. మేస్త్రి పోలికే, కాస్త పొట్టి. భుజాన మూట. తెల్లగీతకి అడుగు దూరంలో ఆగిపోయాడు.

“ఏరా, అక్కడే నిలబడ్డావేం? రా!” అని వదినగారు కేకేసింది.

అతను జేబులోంచి నోటీసు తీశాడు. నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. “తిరిగి రాకూడదని ఇందులో రాసుంది వదినా.”

“అది రద్దయింది” అని నేను లేచి నిలబడ్డాను. “ఆ సంతకం నాదే. తప్పు నాదే. మీరు ఇక్కడ పుట్టినవాళ్ళే. ఐదింటిలోగా ఈ పుస్తకంలో సంతకం చేస్తే చాలు.”

అతను నన్ను కోపంగా చూడలేదు. చూసినా బావుండేది.

“అప్పుడూ మీరే రాశారమ్మా, నిజమే అనుకుని వెళ్ళాను. ఇప్పుడూ మీరే రాస్తున్నారు. రేపింకో కాయితం పంపితే? ఇక్కడేదో చిన్న పని దొరికింది. ఇల్లు వదిలి పోవడం ఒకసారికే తల ప్రాణం తోకకొచ్చింది. రెండోసారి నా వల్ల కాదు.”

మేస్త్రి తల దించుకున్నాడు. గడియారం చూశాను, పావు తక్కువ ఐదు. ఇతనికి నేనేం హామీ ఇవ్వగలను? నా మాట ఎంత విలువైందో అతని చేతిలోని కవర్లోనే ఉంది.

ఏం చేస్తున్నానో తెలియకుండానే నడిచి గీత దాటేశాను.

“ఏమ్మా, పాస్‌పోర్టు ఏది?” జవాను స్టూలు మీంచి లేచాడు.

“లేదు.”

“అనుమతి పత్రం?”

“అదీ లేదు. ఈయన వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. పట్టుకుంటే పట్టుకోండి.” బింకం కాదు, నిజంగా భయమేసింది. కాళ్ళ కింద నేల నాది కాదంటే ఎలా ఉంటుందో ఆ వయసులో మొదటిసారి తెలిసింది నాకు.

నాకంటే ఎక్కువ అతను కంగారుపడ్డాడు. “అయ్యయ్యో, ఇలా రాకూడదమ్మా! లోపలేస్తారు. చట్టం ఒప్పుకోదు” అంటూ నా మోచెయ్యి పట్టుకున్నాడు. జవాను వైపు తిరిగి, “పెద్దావిడండీ, తొందరపడి వచ్చేసింది. నేను దిగబెడతాను, ఏమీ రాసుకోకండి” అని బతిమాలాడు. నన్ను జాగ్రత్తగా నడిపించుకుంటూ గీత దాటించి, బల్ల దాకా తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పుడు చూసుకున్నాడు తనెక్కడున్నాడో.

వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనకాల వాళ్ళన్న నిలబడి ఉన్నాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. అంత పొడుగు మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. వదినగారు టేపు మెడలోంచి తీసి కళ్ళు తుడుచుకుంది, కొంగనుకుని.

బుద్ధిమంతుడు నా ఎదురుగా కూర్చున్నాడు. పుస్తకం అతని వైపు తిప్పాను.

“ఇంతకీ నేనెక్కడ పుట్టినట్టమ్మా?”

“వంతెన దాటాక రెండు మైళ్ళు. మీ అన్న పుట్టిన చోటికి ఆనుకునే.”

కలం తీసుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. “నాకింకా భయంగానే ఉందమ్మా” అన్నాడు.

“నాకూ అలాగే ఉంది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి” అన్నాను.

పెట్టాడు. ఐదవడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.